శివ సినిమా మళ్లీ చూశాను. గత పదిహేనేళ్ల రాంగోపాల్ వర్మను ఏమనుకోవాలి?

నేల టికెట్టు | హైదరాబాద్

నిన్న ఫస్ట్ షోకి శివ చూసి వచ్చాను. 2025 నవంబరు 14న మళ్లీ విడుదలైన ఫోర్‌కే ప్రింటు. మొదటిసారి చూసింది 1989 అక్టోబరులో, విడుదలైన వారంలోనే. అప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. నిన్న మా అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకున్నాను. వాడు సినిమా మొత్తంలో ఒక్కసారి కూడా ఫోను బయటికి తీయలేదు.

సినిమా అయ్యాక బండి దగ్గరికి నడుస్తుంటే సంతోషం కన్నా కోపం ఎక్కువ వచ్చింది. రఘువరన్ వేసిన భవానిని చూడండి. అంతకుముందు మన సినిమాల్లో విలన్ అంటే పెద్ద హాలు, మేడమెట్లు, చుట్టూ పదిమంది, గోడలు అదిరే నవ్వు. భవాని మామూలు గదిలో, మామూలు చొక్కాలో, మెల్లగా మాట్లాడతాడు. ఆ మెల్లదనానికే భయమేసింది. తనికెళ్ల భరణి మాటలు కాలేజీ గేటు దగ్గర చెవిన పడ్డట్టే ఉంటాయి. ఇదంతా చేసింది ఎవరు? విజయవాడలో ఇంజినీరింగ్ చదివి, అమీర్‌పేటలో వీడియో క్యాసెట్ల దుకాణం నడిపిన ఇరవై ఏడేళ్ల కుర్రవాడు.

అదే మనిషి 2020లో క్లైమాక్స్ అని ఒకటి నెట్‌లో పెడితే వంద రూపాయలు కట్టి చూశాను. డబ్బు పోయిందని బాధ లేదు. తీసినవాడు ఒక్క షాటు దగ్గరైనా ఆగి, ఇంకోలా పెడితే ఎలా ఉంటుందని ఆలోచించిన జాడ కనిపించలేదు. అదీ నా బాధ.

సూటిగా అడుగుతున్నాను. రాంగోపాల్ వర్మ మారిపోయాడా? లేక మొదటినుంచీ ఇంతేనా, మనమే కుర్రతనంలో ఎక్కువ ఊహించుకున్నామా? అభిమానులు తిట్టుకోకుండా రాయండి.


రెండో ఆట | విశాఖపట్నం

నేల టికెట్టు గారూ, ఏటా ఎవరో ఒకరు ఇదే ప్రశ్న వేస్తారు, అందరూ వచ్చి అయ్యో అంటారు. నేను అనను.

శివ వచ్చినప్పుడు కూడా పెద్దవాళ్లు ఇలాగే తిట్టారు. కాలేజీ పిల్లలకు గొలుసులు పట్టుకోవడం నేర్పాడని, తెలుగు సినిమాకు రౌడీయిజం అంటించాడని అన్నారు. ఇప్పుడు వాళ్ల పిల్లలు ఫోర్‌కేలో చూసి కళాఖండం అంటున్నారు. రెచ్చగొట్టడం ఆయన స్వభావం. 1989లో అది మీకు నచ్చింది, 2020లో నచ్చలేదు. అంతే తేడా.

పైగా పదిహేనేళ్లూ వృథా అనడం అన్యాయం. 2010లో రక్తచరిత్ర రెండు భాగాలు వచ్చాయి. కిల్లింగ్ వీరప్పన్ చూశారా? శివరాజ్‌కుమార్‌తో కన్నడంలో తీశారు, బిగువున్న సినిమా. 2011లో దొంగల ముఠా. రవితేజ లాంటి హీరోను పెట్టుకుని ఐదే రోజుల్లో, ఫొటోలు తీసుకునే కానన్ కెమెరాలతో పూర్తి చేశారు. సినిమా బాగుందని నేనూ అనను. కానీ పెద్ద యూనిట్టు, జనరేటర్ వ్యాన్లు, నలభై రోజుల కాల్షీట్లు లేకపోతే సినిమానే రాదనుకునే పరిశ్రమ ముందు ఆ పని చేసి చూపించాడు. ఈ రోజు ఫోనుతో షార్ట్ ఫిల్ములు తీసే పిల్లల్లో ఎంతమందికి ధైర్యం అక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు, మా ఊళ్లోనే చూశాను.

ఆయన తన పుస్తకానికి నా ఇష్టం అని పేరు పెట్టుకున్నాడు. దాచలేదు. మీ ఇష్టప్రకారం తీస్తానని ఎప్పుడూ మాట ఇవ్వలేదు.


సైకిల్ షాపు | తెనాలి

శివలో హీరో నాగార్జున లాగే సైకిల్ చైను గురించి చెప్పే హక్కు ఈ చర్చలో నాకు అందరికన్నా ఎక్కువ ఉంది. మా నాన్నది సైకిల్ షాపు. శివ వచ్చేనాటికి నాకు పదకొండేళ్లు, బడి అయ్యాక షాపులోనే ఉండేవాణ్ని.

సైకిల్ చైనుకు ఒక లాకు ఉంటుంది. చిన్న చేప ఆకారంలో ఉన్న పల్చటి ఇనుప ముక్క. దాన్ని స్క్రూడ్రైవర్‌తో పక్కకు నెడితే జారి వస్తుంది, అప్పుడు చైను విడిపోతుంది. లాకు బిగించి ఉన్న చైనును వట్టి చేత్తో లాగితే వేళ్లు తెగుతాయి కానీ చైను రాదు. ఆ సంగతి రోజూ పది చైన్లు విప్పే మా నాన్నకు తెలుసు, నాకూ తెలుసు. అయినా థియేటర్లో నాగార్జున చైను లాగినప్పుడు నేను నమ్మాను. మా నాన్న కూడా నమ్మాడని తర్వాత చెప్పాడు. ఎందుకంటే దానికి ముందు చాలాసేపు ఆ కుర్రాడు అవమానాన్ని మింగుకుంటూ ఉంటాడు. చెయ్యి చైను మీదికి పోయేసరికి హాల్లో ఉన్న ప్రతివాడి చెయ్యీ అక్కడే ఉంది.

ఆ తర్వాతి రెండు నెలలు మా షాపుకు కాలేజీ కుర్రాళ్లు వరసగా వచ్చారు. పంక్చర్ కోసం కాదు. "బాబాయ్, ఆ లాకు కొంచెం వదులుగా పెట్టు" అని అడిగేవాళ్లు. లాగితే వచ్చేలా ఉండాలట. మా నాన్న ఒకరిద్దరిని నవ్వి పంపించాడు. ఒకరోజు సాయంత్రం ఒక కుర్రాడు చైను చేతికి చుట్టుకుని చూపిస్తూ ఎవరినో కొట్టాలని చెప్పాడు. ఆ రోజు మా నాన్న చేతిలో స్పానర్ పెట్టుకుని వాణ్ని షాపు మెట్లు దింపాడు. వాళ్ల నాన్నకు కబురు కూడా పంపించాడు.

కాబట్టి రెండో ఆట గారూ, అప్పటి పెద్దవాళ్ల భయం ఉత్తది కాదు. దాన్ని నేను కళ్లతో చూశాను. అయినా శివ గొప్ప సినిమానే అంటాను. రెచ్చగొట్టడానికి ముందు వర్మ మమ్మల్ని ఆ కుర్రాడి పక్కన కూర్చోబెట్టాడు, వాడి కోపం మా కోపం అయ్యేదాకా ఓపిక పట్టాడు. ఇప్పటి సినిమాల్లో ఆ ఓపిక లేదు. పోస్టరు మీదే అంతా అయిపోతోంది.


ఇరవై రెండు | వరంగల్

నా వయసే నా పేరు. నాకు వర్మ అంటే యూట్యూబ్ ఇంటర్వ్యూలు, రామూయిజం అనే ఆయన మాటల కార్యక్రమం ముక్కలు. ఆయన సినిమా ఒక్కటీ పూర్తిగా చూడలేదు, నిజం చెబుతున్నాను. మా హాస్టల్లో అందరూ అంతే. ఆయన మాటలు అందరికీ వచ్చు, సినిమాలు ఎవరికీ తెలియవు. ఎక్కడ మొదలుపెట్టాలో పెద్దలు చెప్పండి.


మైకు | హైదరాబాద్

ఇరవై రెండు, క్షణ క్షణంతో మొదలుపెట్టు. తర్వాత రాత్రి, గాయం, సత్య, కౌన్. ఆ వరసలోనే చూడు. ఇంటర్వ్యూలు కొన్నాళ్లు పక్కన పెట్టు.

నేను ఇరవై ఏళ్లుగా సౌండ్ పనిలో ఉన్నాను. అందుకని నా చెవితో చెబుతాను. వర్మ సినిమాల్లో మొదట పాడైంది శబ్దం. బొమ్మ తర్వాత పాడైంది.

రాత్రి సినిమా మొదలు గుర్తుందా? రేవతి బస్సు దిగుతుంది. వీధిలో మనిషి లేడు. కెమెరా ఆమెతోనే నడుస్తుంది. దయ్యం ఎక్కడా లేదు, ఖాళీ వీధి ఉంది, అంతే. పట్టపగలు భయపెట్టాడు. ఎందుకంటే మామూలు వీధిలో ఉండాల్సిన శబ్దాలు తీసేశాడు. మనకు ఏం లేదో చెవి కనిపెడుతుంది, మనసు దాన్ని వెతుక్కుంటుంది. 1999లో కౌన్. ఒక ఇల్లు, వాన, లోపల ఊర్మిళ, తలుపు దగ్గర మనోజ్ బాజ్‌పాయి. పాటలు లేవు. సినిమా అంతా కాలింగ్ బెల్లు మీద నడుస్తుంది. మనోజ్ ఆ బెల్లు నొక్కే పద్ధతిలోనే వాడు ఎంత జిడ్డు మనిషో తెలిసిపోతుంది. ఊర్మిళ లోపలి నుంచి జవాబు చెప్పేముందు ఆగే ఆ రెండు క్షణాల్లో మనం ఊపిరి పట్టుకుని ఉంటాం.

శివకు ఇళయరాజా ఇచ్చిన నేపథ్య సంగీతం గురించి అందరూ మాట్లాడతారు, మాట్లాడాలి కూడా. ఆయన సంగీతం ఎక్కడ ఇవ్వలేదో వినండి. ఆ ఖాళీలను ఉంచడానికి దర్శకుడికి నమ్మకం కావాలి. కొత్త దర్శకుడు సాధారణంగా భయపడి ప్రతి చోటా సంగీతం నింపమంటాడు. వర్మ మొదటి సినిమాలోనే భయపడలేదు.

భూత్ వరకు ఆ చెవి ఉంది. ఆ తర్వాత ఏ సినిమా తీసుకున్నా టైటిల్ దగ్గర మొదలైన సంగీతం చివరిదాకా ఆగదు. అరుపు మీద అరుపు. కెమెరా కాఫీ కప్పు వెనకా, బల్ల కిందా, ఎవరిదో మోచేతి సందులోనూ ఉంటుంది. ఎందుకు అక్కడ ఉందో దానికే తెలియదు. స్టెడీక్యామ్‌ను, అంటే మనిషి నడుస్తూ తీసినా బొమ్మ వణకకుండా ఉంచే సాధనాన్ని, మన దేశంలో మొదట వాడినవాళ్లలో వర్మ ఒకడు. శివలో సైకిల్ మీద పాపను ఎక్కించుకుని సందుల్లో పోతుంటే కారు తరిమే సీను చూడండి, కెమెరా కదలికకు కారణం ఉంది. కారణం తెలిసినవాడు దాన్ని వదిలేశాడంటే బాధగా ఉండదా?


రెండో ఆట | విశాఖపట్నం

మైకు గారూ, శబ్దం విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. రక్తచరిత్రను మాత్రం ఆ లెక్కలో కలపకండి. అది ఆయన చివరి పెద్ద సినిమా. రాయలసీమను అంత నిజంగా చూపించినవాడు లేడు.


చిత్రావతి | అనంతపురం

ఆ మాట చూసి రాయకుండా ఉండలేకపోతున్నాను. ఇన్నేళ్లుగా ఇక్కడ చదువుతూనే ఉన్నాను, రాసింది తక్కువ.

మాది అనంతపురం జిల్లాలో ఒక పల్లె. ఊరి పేరు చెప్పను. 2005 జనవరి 24న పరిటాల రవి హత్య జరిగిన రోజు నేను డిగ్రీ చదువుతున్నాను, హాస్టల్ నుంచి ఇంటికి వెళ్లడానికి బస్సు లేదు. ఆయన కథతో రక్తచరిత్ర వచ్చేసరికి పెళ్లై హైదరాబాద్‌లో ఉన్నాను. మావారు ఉత్సాహంగా టికెట్లు తెచ్చారు, మా సీమ సినిమా అని.

వివేక్ ఒబెరాయ్ బాగా చేశాడు. సూర్య ఇంకా బాగా చేశాడు. నేను కాదనను. కానీ తెలుగులో వర్మ గారే గొంతు ఇచ్చి కథ చెబుతారు కదా. ఆ గొంతు రక్తం గురించి చెప్పేటప్పుడు అందులో ఒక ఇష్టం వినిపించింది నాకు. కత్తి దిగడం నెమ్మదిగా చూపిస్తారు, రక్తం చిమ్మడం దగ్గరగా చూపిస్తారు. పక్క సీట్లో కుర్రాళ్లు ఈలలు వేశారు. నేను లేచి వెళ్లిపోదామనుకుని, మావారు చిన్నబోతారని కూర్చున్నాను.

మా ఇంట్లో ఫ్యాక్షన్ అంటే ఏమిటో చెబుతాను. మా చిన్నాన్న ఏ వర్గంలోనూ లేడు. ఆయన మేనత్త కొడుకు ఉన్నాడు, అంతే సంబంధం. అది చాలింది. ఆయన పొలానికి వెళ్తే తిరిగొచ్చేదాకా మా నాయనమ్మ వసారాలో దీపం ఆర్పేది కాదు. పగలు వెళ్లినా సరే, దీపం వెలుగుతూనే ఉండేది. నూనె ఖర్చని అమ్మ ఒకసారి ఆర్పేస్తే ఇంట్లో మూడు రోజులు మాటల్లేవు. రాత్రి అన్నం తినేటప్పుడు ఆయన గోడకు వీపు ఆనించి, వాకిలి కనిపించేలా కూర్చునేవాడు. మేం పిల్లలం కూడా అలాగే కూర్చోవడం నేర్చుకున్నాం. నాకు ఇప్పటికీ హోటల్లో వాకిలికి వీపు పెట్టి కూర్చుంటే ముద్ద దిగదు. మా చిన్నాన్నకు ఏమీ కాలేదు. వయసు మీదపడి మంచంలోనే పోయాడు. కానీ ఆయన బతుకంతా అలాగే గడిచింది.

ఇది రక్తచరిత్రలో లేదు. చంపినవాడు ఉన్నాడు, చచ్చినవాడు ఉన్నాడు, పగ తీర్చుకునేవాడు ఉన్నాడు. దీపం ముందు కూర్చున్న ముసలావిడ లేదు. భవాని గదిని అంత శ్రద్ధగా చూపించిన దర్శకుడికి మా వసారా ఎందుకు కనిపించలేదని నా బాధ. రెండో ఆట గారూ, మీ మీద కోపం లేదు. "అంత నిజంగా" అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోండి.


రెండో ఆట | విశాఖపట్నం

తీసుకుంటున్నాను అక్కా. ఆ సినిమాను ఐదారుసార్లు చూశాను. ఒక్కసారి కూడా ఆ వైపు నుంచి చూడలేదు.

ఒక్కటి మాత్రం చెప్పనివ్వండి. రక్తాన్ని దగ్గరగా చూపించడం వల్ల ఫ్యాక్షన్ అంటే తొడగొట్టడం, సుమోలు గాల్లోకి లేవడం అనే తెలుగు సినిమా అలవాటు కొంత విరిగింది. అసహ్యం వేసింది కొందరికైనా. ఆ అసహ్యం మంచిదేనని నా నమ్మకం. పక్క సీటు ఈలలకు నా దగ్గర జవాబు లేదు.


కృష్ణలంక | విజయవాడ

విజయవాడ తరఫున నేను రాయాలి కదా. వంగవీటి మోహనరంగా హత్య 1988 డిసెంబరు 26న జరిగింది. ఆ తర్వాత ఊరు ఎలా తగలబడిందో అప్పుడు ఇక్కడున్నవాళ్లకు తెలుసు. కర్ఫ్యూలో పాలప్యాకెట్టు కోసం మా అన్నయ్య గోడలు దూకాడు. ఏడాది తిరగకముందే శివ వచ్చింది. సినిమాలో ఊరి పేరు లేదు, కులం పేరు లేదు, పార్టీ పేరు లేదు. కానీ హాల్లో కూర్చున్న మాకు ప్రతి సందూ తెలుసు. వర్మ ఇక్కడ సిద్ధార్థ ఇంజినీరింగ్ కాలేజీలో చదివేటప్పుడు చూసిన గొడవల్లోంచే అది పుట్టిందని ఆయనే ఎన్నోసార్లు చెప్పాడు.

2016లో వంగవీటి అని అసలు పేరే పెట్టి తీశాడు. పాత్రలకూ అసలు పేర్లే. మొదటి రోజే వెళ్లాను. ఇరవై ఏడేళ్ల క్రితం పేరు చెప్పకుండా మా ఒంట్లోకి ఎక్కించిన భయం, పేర్లన్నీ చెప్పాక ఒక్క నిమిషం కూడా రాలేదు. పాత్రధారులకు విగ్గు, మీసం, నడక సరిగ్గా కుదిరాయి. ఫొటో పక్కన పెట్టి సరిచూసుకున్నట్టు ఉన్నారు. కానీ ఆ మనుషులు ఎందుకలా అయ్యారో చెప్పడానికి సినిమా ప్రయత్నించలేదు. పేరు పెడితే చాలు, జనం వస్తారనే లెక్క అక్కడ మొదలైందని నా అభిప్రాయం. 2019లో లక్ష్మీస్ ఎన్టీఆర్, అమ్మ రాజ్యంలో కడప బిడ్డలు, 2024లో వ్యూహం, అన్నీ ఆ దారిలోనివే. వాటిలో ఏ పార్టీ మంచిది, ఏది చెడ్డదనే గొడవ నాకు వద్దు, ఈ చర్చలోకి దాన్ని తేవద్దని అందరికీ మనవి. సినిమాగా చూస్తే, ఎన్నికల తర్వాత వాటిని మళ్లీ పెట్టుకుని చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

అదే రాజకీయం మీద 1993లో గాయం తీశాడు. సిరివెన్నెల సీతారామశాస్త్రి గారు తన పాటకు తానే తెర మీదికి వచ్చి నడివీధిలో జనాన్ని నిగ్గదీసి అడిగారు. అందులో తప్పు ఒక నాయకుడిది కాదు, చూస్తూ ఊరుకున్న మనందరిదీ. ముప్పై రెండేళ్లయినా అందుకే మండుతూ ఉంది. నిజంగా రెచ్చగొట్టడం అంటే నాకు అదే.


వర్లీ చాల్ | ముంబయి

నేను పుట్టింది ఇక్కడే. మా తాత కరీంనగర్ వైపు నుంచి వచ్చి బట్టల మిల్లులో చేరాడు, నాన్న కూడా అదే మిల్లు. మా చాల్, అంటే వరస గదుల భవనం, నిండా పద్మశాలి కుటుంబాలే, బతుకమ్మ కూడా ఆడేవాళ్లు. 1982 సమ్మె తర్వాత మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. మా వరండాలో కూర్చునే అన్నయ్యల్లో కొందరు ఆటోలు నడిపారు, కొందరు గల్ఫ్ వెళ్లారు, ఇద్దరు ముగ్గురు ఎక్కడికి వెళ్తున్నారో ఇంట్లో చెప్పడం మానేశారు.

1998 జులైలో సత్య వచ్చింది. మనోజ్ బాజ్‌పాయి వేసిన గ్యాంగ్‌స్టర్ భీకూ మ్హాత్రే ఇంట్లో పెళ్లాం మీద అరిచి, ఆమె తిరిగి అరిస్తే నవ్వేసి, పిల్లల మధ్య కూర్చుంటాడు. మా అమ్మ వెంటనే ఒక అన్నయ్య పేరు చెప్పి "అచ్చం వాడే" అంది. గ్యాంగ్‌స్టర్ అంటే తెల్ల సూటు అనుకున్న హిందీ సినిమాకు ఈ మనిషిని చూపించింది మన తెలుగువాడు. కథ రాసిన అనురాగ్ కశ్యప్, సౌరభ్ శుక్లా అప్పటికి పెద్ద పేర్లు కాదు. కెమెరా పట్టుకున్న జెరార్డ్ హూపర్ అమెరికా మనిషి, మన ఊరి వానను, తడి గోడలను కొత్త కళ్లతో చూశాడు. సంగీతం విశాల్ భరద్వాజ్. మనోజ్‌కు జాతీయ అవార్డు వచ్చింది.

మీరెవరూ ఇంకా రాయలేదు కాబట్టి చెబుతున్నాను. నా లెక్కలో వర్మ చేసిన అన్నింటికన్నా పెద్ద పని మనుషులను ఏరుకోవడం. మీ వైపు కృష్ణవంశీ, తేజ, శివనాగేశ్వరరావు, పూరి జగన్నాథ్. ఇటు అనురాగ్, ఏక్ హసీనా థీ తీసిన శ్రీరామ్ రాఘవన్, అబ్ తక్ ఛప్పన్ తీసిన షిమిత్ అమీన్, శూల్ తీసిన ఈ. నివాస్. ఇంతమందికి తలుపు తీసినవాడు ఇంకొకడు లేడు. ఆ రోజుల్లో ఆయన చుట్టూ "ఇది బాగాలేదు సార్" అనగలిగినవాళ్లు ఉన్నారు. వాళ్లంతా సొంత దారిన వెళ్లాక ఆ కుర్చీలు ఖాళీగానే ఉండిపోయాయి. 2007లో ఆగ్ అంత ఘోరంగా వచ్చిందంటే సెట్టు మీద ఒక్కరూ చెప్పలేదా అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యం. 2008లో ఫూంక్ వచ్చేసరికి థియేటర్లో ఒంటరిగా చూస్తే ఐదు లక్షలిస్తానని పందెం వేశాడు. రాత్రి లాంటి దయ్యం సినిమా తీసినవాడికి పందెం అవసరం పడింది.

2025 జనవరిలో సత్య మళ్లీ విడుదలైనప్పుడు దాన్ని చూసి ఏడ్చానని, విజయం మత్తులో దారి తప్పానని, ఇకమీద దాని స్థాయికి తగ్గ సినిమాలే తీస్తానని ఆయనే రాశాడు. నేను నమ్మాను. చదివి నాన్నకు వినిపించాను. మరి ఏప్రిల్ 4న ఏం వచ్చింది? శారీ. ఆ మాట ఇచ్చిన చేత్తోనే శారీ ఎలా తీశాడు?


నేల టికెట్టు | హైదరాబాద్

ఒక సవరణ. శారీకి దర్శకుడు వర్మ కాదు, గిరి కృష్ణ కమల్. వర్మ రచన, నిర్మాణంలో ఉన్నాడు. పైగా అది జనవరికి ముందే మొదలైన సినిమా. మాట తప్పాడనడానికి ఇంకా తొందరేమో. సిండికేట్ అని ఒకటి ప్రకటించాడు కదా, మనోజ్‌తో దయ్యం సినిమా ఒకటి తీస్తున్నాడు. అవి చూశాక అడుగుదాం.

మనుషులను ఏరుకోవడం గురించి మీరు రాసినది మాత్రం నా ప్రశ్నకు సగం జవాబు.


వర్లీ చాల్ | ముంబయి

సవరణకు ధన్యవాదాలు. అయినా జనవరిలో అంత రాసిన మనిషి ఏప్రిల్ పోస్టరు మీద తన పేరు ఉంచుకోకుండా ఉండాల్సింది. పోస్టరు మీద పేరు చూసే మేం టికెట్టు కొంటాం.


చిత్రావతి | అనంతపురం

పేర్ల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. 2018లో మిర్యాలగూడలో జరిగిన పరువు హత్య మీద 2020లో మర్డర్ అని సినిమా ప్రకటించారు. భర్తను కళ్ల ముందే పోగొట్టుకున్న ఆ అమ్మాయి కోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. చట్టం ఏం చెప్పిందన్నది అలా ఉంచండి. స్వేచ్ఛ గురించి రెండో ఆట గారు రాసినది నేను గౌరవిస్తాను. నాయకులను, పోలీసులను, సినిమావాళ్లను ఎంతైనా కదిలించనివ్వండి. వాళ్లకు తిరిగి మాట్లాడే మైకులు ఉన్నాయి. చంటిబిడ్డతో ఉన్న అమ్మాయికి ఏముంది?

అలాగని ఆయనకు మనసు లేదని అనలేను. శివలో ఆ సైకిల్ సీనులో పాపగా నటించిన ఆమె ఇప్పుడు పెద్దదైంది. అంత ప్రమాదకరమైన షాట్లు చిన్నపిల్లతో చేయించినందుకు, అప్పుడు ఆ భయం తనకు తట్టనందుకు, వర్మ గారు ఈ నెలలోనే అందరి ముందూ ఆమెకు క్షమాపణ చెప్పారు. అది చదివి చాలాసేపు ఆలోచించాను. ముప్పై ఆరేళ్ల తర్వాతైనా ఆ పాప వైపు నుంచి తన సీనును చూడగలిగారు. మా వసారా వైపు నుంచి కూడా ఒకనాడు చూస్తారేమోనని ఆశ.


రెండో ఆట | విశాఖపట్నం

మర్డర్ విషయంలో నేను ఎప్పుడూ ఆయన పక్షాన వాదించలేదు, ఇప్పుడూ వాదించను.


ఇరవై రెండు | వరంగల్

మైకు గారూ, నిన్న రాత్రి హాస్టల్లో ఆరుగురం కలిసి క్షణ క్షణం చూశాం. 1991 సినిమా అంటే ఎవరూ నమ్మలేదు. శ్రీదేవి గారు అడవిలో కూడా తన ఆకలి, తన నిద్ర గురించే సణుగుతుంటారు. వెంకటేష్ విసుక్కుంటూనే పక్కన ఉంటాడు. జామురాతిరి జాబిలమ్మ పాట మా నాన్నమ్మ పాడేది, ఈ సినిమాలోదని నాకు తెలియదు. అది వచ్చేసరికి గదిలో ఎవరూ మాట్లాడలేదు. పరేష్ రావల్‌ను చూసి మాత్రం విరగబడి నవ్వాం, అయినా భయం పోలేదు.

సినిమా అయ్యాక నా స్నేహితురాలు ఒక మాట అంది. ఇందులో ఆ అమ్మాయి భయపడుతుంది, అబద్ధాలు చెబుతుంది, బుర్ర వాడుతుంది, కథ అంతా ఆమె వల్లే కదులుతుంది. ఇదే దర్శకుడి కొత్త సినిమాల ట్రైలర్లలో అమ్మాయికి ముఖం కనిపించడానికే చాలాసేపు పడుతోంది అంది. నేను జవాబు చెప్పలేకపోయాను. మీరు చెప్పిన 'రాత్రి' సినిమా ఈ రోజు చూస్తున్నాం, లైట్లు ఆర్పకుండా.


మైకు | హైదరాబాద్

లైట్లు ఆర్పండి. హెడ్‌ఫోన్లు వద్దు, స్పీకర్లో పెట్టండి. మీ స్నేహితురాలిని కూడా ఇక్కడ రాయమను.


సైకిల్ షాపు | తెనాలి

ఆదివారం మా నాన్నను శివకు తీసుకెళ్లాను. ఎనభై దాటాయి, మోకాళ్లు సహకరించవు, అందుకని చివరి వరసలో కూర్చున్నాం. షాపు మూసేసి పన్నెండేళ్లయింది.

చైను సీను దగ్గర పడుతుంటే కుర్చీలో ముందుకు జరిగాడు. కళ్లద్దాలు తుడుచుకున్నాడు. నాగార్జున చెయ్యి చైను మీదికి వెళ్లింది, లాగాడు, హాలంతా అరుపులు. మా నాన్న నా చెవి దగ్గరికి వంగి, "అది చైను చప్పుడు కాదురా. చైను ఊడితే ఇంత మోగదు" అన్నాడు. మళ్లీ తెర వైపు తిరిగాడు. నా చెయ్యి మాత్రం పట్టుకునే ఉన్నాడు. పాప చనిపోయే దగ్గర కూడా వదల్లేదు.

బయటికి వచ్చాక ఆటోలో అడిగాడు, అప్పుడు మెట్లు దింపిన ఆ కుర్రాడు ఇప్పుడు ఎక్కడున్నాడో తెలుసా అని. తెలియదని చెప్పాను. కనుక్కోమన్నాడు.


నేల టికెట్టు | హైదరాబాద్

కనుక్కున్నాక ఇక్కడ రాయండి సోదరా.